తొమ్మిదింటి స్నానం

స్నానానికి ఏ వేళ మంచిదని లాల్‌బాగ్ చాళ్ళలో, అంటే బట్టల మిల్లుల పనివాళ్ళుండే వరసగదుల్లో, ఆడవాళ్ళని ఎవరైనా అడిగితే ముందు నవ్వుతారు, తర్వాత తిడతారు. మంచి వేళట, మంచి వేళ! మగవాళ్ళు ఇంట్లో లేని వేళే వాళ్ళకి మంచి వేళ. ఉండేది ఒక్క గది. అందులోనే పొయ్యి, అందులోనే మంచం, అందులోనే దేవుడు. ఓ మూల మోకాలెత్తు గట్టు కట్టి, నీళ్ళు పోవడానికి తూము పెట్టి, దానికి మోరీ అని పేరు పెట్టారు. అంట్లు తోమేదీ అక్కడే, బట్టలుతికేదీ అక్కడే, పాత చీరొకటి అడ్డం కట్టుకుని ఒళ్ళు తడుపుకునేదీ అక్కడే. మగవాళ్ళకేం, కింద పంపు దగ్గర తువ్వాలు చుట్టుకుని నాలుగు చెంబులు గుమ్మరించుకుంటే సరి. గది కట్టించినవాడు ఆడవాళ్ళ సంగతి ఆలోచించి ఉంటే గది మధ్యలో ఇంకో గోడ కట్టేవాడు.

ఆనందీ పాలవ్ ఎప్పుడు స్నానం చెయ్యాలో ముప్ఫై ఏళ్ళపాటు మిల్లే చెప్పింది. ఆమె భర్త భికాజీ నేత విభాగంలో, మిల్లు భాషలో నేత ఖాతాలో, పనివాడు. ఆయనకి పొద్దుటి షిఫ్టయితే ఆమెకి తొమ్మిదింటికి స్నానం. మధ్యాహ్నం షిఫ్టయితే సాయంత్రం దీపాలు పెట్టే ముందు. రాత్రి షిఫ్టు వారం మాత్రం నరకమే. పగలంతా ఆయన మంచంమీద పడి గురకపెట్టేవాడు. ఆ వారం ఆనంది చీరా, సబ్బూ చంకన పెట్టుకుని పక్కగది చంద్రభాగ దగ్గరికి పోయేది. చంద్రభాగ మొగుడు దగడూ షిర్కేకి అప్పుడు పొద్దుటి షిఫ్టు. ఆడవాళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు పోసుకుని, తడి జుట్టు తువ్వాలులో ముడేసుకుని, చాయ్ తాగుతూ మొగుళ్ళని ఆడిపోసుకునేవాళ్ళు. అన్నిట్లోకీ ఆనందికి ఇష్టమైనది తొమ్మిదింటి స్నానమే. ఇల్లు ఊడ్చి, పని సగం తెమిలాక, తలుపు మూసుకుని వేడినీళ్ళు భుజాలమీంచి జారుతుంటే, ఆ కాసేపూ ఆమె ఎవరికీ పెళ్ళాం కాదు, ఎవరికీ తల్లి కాదు.

ఆదివారాలూ పండగలూ వస్తే మగవాళ్ళు ఇంట్లోనే ఉంటారు కదా. దానికో పద్ధతి ఉంది. ఇంటావిడ ఖాళీ బకెట్టు తీసుకెళ్ళి మోరీ గట్టుమీద ఠంగుమని పెడుతుంది. అంతే. మొగుడు, మామ, మరిది, ఎవరున్నా సరే, బీడీకట్ట తీసుకుని లేచి వరండాలోకి పోతారు. స్నానం అన్న మాట ఎవరూ అనరు. బయటికెళ్ళండని మగవాడికి చెప్పడం ఆ చాల్‌లో పుట్టి బుద్ధెరిగిన ఏ ఆడదీ చెయ్యదు. బకెట్టు చెప్తుంది, మగవాడు వింటాడు, ఇద్దరికీ మర్యాద మిగులుతుంది.

ఆ తర్వాత ఆ పెద్ద సమ్మె వచ్చింది. ఊళ్ళో మిల్లులన్నీ ఒక్కసారిగా ఆగాయి. మొదటి నెలల్లో చాల్ అంతా పండగలా ఉండేది, ఒకరింట్లో బియ్యం ఇంకొకరింట్లో ఉడికేవి. నెలలు గడిచేకొద్దీ ఆడవాళ్ళ చేతుల గాజులు మట్టిగాజులయ్యాయి. అప్పటికే పాలవ్ వాళ్ళబ్బాయి దిలీప్‌కి కొంకణ్‌లో కణకవలీ దగ్గర పల్లెలో పిల్లని ఖాయం చేసుకున్నారు. ముహూర్తం ఒకసారి వాయిదా వేశారు, రెండోసారీ వేశారు. మూడోసారి పిల్ల తండ్రి, ఇంకో సంబంధం చూసుకుంటామని కబురు పంపాడు. ఆ మర్నాడు పొద్దున్న భికాజీ సమ్మె వదిలి, కిటికీలకి ఇనుపవల బిగించిన మిల్లువాళ్ళ ట్రక్కెక్కి పనిలోకి పోయాడు. చాల్ మొత్తం వరండాల్లో నిలబడి చూసింది. ఎవరూ ఒక్క రాయి విసరలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆనందికి అనిపించింది.

పెళ్ళయింది. చాల్‌లోంచి ఒక్కరు కూడా భోజనానికి రాలేదు. చేసిన బూందీ అంతా ఆనంది బిచ్చగాళ్ళకి పంచింది. కోడలు సులభ కాపురానికొచ్చిన నాలుగు నెలలకి యజమానులు మిల్లు గేటుకి తాళం వేసేశారు. సమ్మెలో ఉన్నవాళ్ళూ రోడ్డున పడ్డారు, లోపలికెళ్ళినవాళ్ళూ పడ్డారు. కాకపోతే సమ్మెవాళ్ళు తలెత్తుకుని పడ్డారు, పాలవ్ తలొంచుకుని పడ్డాడు.

మిల్లు మూసిన రోజు సాయంత్రం ఆయన అలవాటుకొద్దీ వరండాలోకి వెళ్ళాడు. అక్కడ బోర్లించిన చెక్కపెట్టె మీద నలుగురు పేకాడుతున్నారు. అందులో షిర్కే ఉన్నాడు. ఒకే బీడీని ఇద్దరూ పంచుకుని తాగిన స్నేహం వాళ్ళది. షిర్కే ఆయన్ని చూశాడు. ముక్కలన్నీ పోగుచేసి జేబులో పెట్టుకుని లేచాడు, మిగతావాళ్ళూ లేచారు, ఎవరి గదిలోకి వాళ్ళు పోయారు. భికాజీ ఆ ఖాళీ పెట్టె దగ్గర కాసేపు నిలబడి లోపలికొచ్చాడు. అంతే, మళ్ళీ పగటిపూట గడప దాటలేదు. మూడింటికే, ఎవరూ లేవకముందే లేచి, వరండా చివరి దొడ్డికెళ్ళొచ్చి, పంపు దగ్గర తొట్టి నీళ్ళు గుమ్మరించుకుని, మళ్ళీ మంచమెక్కేవాడు. గదిలో మంచం వేసుకోవడానికి ఒక్కటే చోటు. అది మోరీకి ఎదురుగా.

సులభ కష్టం అక్కడ మొదలైంది. ఆ పిల్ల పుట్టింట్లో పెరట్లో కొబ్బరాకుల దడికట్టిన స్నానాలగది, పక్కనే రాగి కాగు. వేళ్ళు ముడతలు పడేదాకా పోసుకుని పెరిగిన పిల్ల. ఇక్కడేమో నాలుగింటికి కొళాయి వచ్చీరాగానే, దీపం వెయ్యకుండా, పాతచీర మాటున కూర్చుని, చప్పుడవ్వకుండా గోడవారగా నీళ్ళు జారవిడుచుకోవాలి. సబ్బు చేతిలోంచి జారితే చీకట్లో తడుముకోవాలి. పక్కగదికి పోదామంటే చంద్రభాగ ఇప్పుడు మొహం చూడదు. ఆ పావుగంటసేపూ మామగారు గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆయన మర్యాదలో ఏ లోపమూ లేదు. కాకపోతే నిద్రలో గురకపెట్టే మనిషి, ఆ పావుగంటా గురకపెట్టడు.

"ఆయీ," అంది ఓ రోజు సులభ అత్తగారితో, బియ్యం ఏరుతూ, గొంతు తగ్గించి. "మామంజీ మేలుకునే ఉంటారు కదూ?"

"గోడవైపు తిరిగే ఉంటారు కదే పిల్లా."

"తిరిగే ఉంటారు, కాదన్లేదు. మేలుకునే ఉంటారు."

ఆనందికి మాత్రం వేరేగా ఉందా? ఏళ్ళ తరబడి కాపురం చేసిన పెళ్ళానికే ఆ చీకట్లో, ఆ ఊపిరి బిగబట్టిన మనిషి ముందు వీపు రుద్దుకోవాలంటే ఒళ్ళు జలదరించేది. ఇక నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మాటేంటి? జుట్టు ఏనాడూ సరిగ్గా తడవక, సబ్బు పూర్తిగా వదలక సులభ తలంతా దురదే. గోళ్ళతో గీరుకుంటుంటే ఆనంది చూడలేకపోయేది. కొడుకుతో చెప్పింది.

"మీ నాన్నకి నువ్వు చెప్పరా. మగవాడివి, నువ్వంటే నొచ్చుకోరు. తొమ్మిదింటికి ఓ అరగంట అలా బయట కూర్చోమను."

దిలీప్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలోంచే చూశాడు. "నేనెలా చెప్తానాయీ? నా పెళ్ళాం స్నానం చేసుకోవాలి, బయటికి పో అని బాబాతో అననా? సిగ్గుండొద్దూ?"

"అయితే ఆ పిల్ల చావనీ."

"పొద్దున్నే చేస్తోందిగా. నాలుగింటి స్నానం ఒంటికి మంచిదేనట," అని బస్సుకి వేళయిందంటూ పోయాడు. వాడు సిరాల కొట్లో గుమాస్తా. ఇంట్లో ఏ గొడవొచ్చినా వాడికి బస్సుకి వేళయ్యేది.

భికాజీతో ఆనంది నేరుగా ఎప్పుడూ అనలేదు. బకెట్టు మాత్రం పెట్టి చూసింది. ఓ రోజు, రెండు రోజులు, మెల్లిగా, గట్టిగా. ఆయన వినలేదు. వినపడక కాదు. బకెట్టు ఠంగుమన్నప్పుడల్లా చేతిలో పేపరు కొంచెం పైకి లేచి మొహానికి అడ్డమొచ్చేది. ఆ పేపరు ఎన్నాళ్ళ కిందటిదో! బయట కూర్చోవడమంటే ఆయనకి ఏమిటో ఆనందికి తెలియకపోలేదు. ఆయన మీద జాలీ ఉండేది, ఒళ్ళుమండిపోయేంత కోపమూ ఉండేది. రెండూ ఒకే ముద్దలో మింగి ఊరుకునేది.

పుష్యమాసపు చలి. సులభ బయట చేరి మూడురోజులు గుమ్మం పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. నాలుగో రోజు తలస్నానం చేస్తే తప్ప ఆ ఇంట్లో పొయ్యి ముట్టుకోకూడదు, నీళ్ళు ముట్టుకోకూడదు. ఖర్మ కొద్దీ ఆరోజే తెల్లవారుజామున కొళాయి బుసకొట్టి ఊరుకుంది. ఎక్కడో పెద్దగొట్టం బాగుచేస్తున్నారట. నీళ్ళొచ్చేసరికి పొద్దెక్కింది. దిలీప్ పోయాడు. గదిలో వెలుతురు నిండింది. మంచంమీద భికాజీ, మొహానికి పేపరు.

ఆనంది కుంకుడుకాయ రసం తీసింది, నీళ్ళు కాచింది, పాతచీర అడ్డం కట్టింది. బకెట్టు తెచ్చి గట్టుమీద పెట్టింది.

భికాజీ పేజీ తిప్పాడు.

మళ్ళీ ఎత్తి మళ్ళీ పెట్టింది. ఈసారి గిన్నెలు కూడా అదిరాయి. సులభ గుమ్మం దగ్గర మోకాళ్ళమీద తల ఆనించుకుని కూర్చుంది. మూడోసారి ఆనంది బకెట్టులో చెంబు వేసి మరీ కొట్టింది. పక్కగదిలోంచి చంద్రభాగ గొంతు ఖంగున వినిపించింది.

"ఏంటే పిల్లలూ, పాలవ్ వాళ్ళింట్లో బకెట్లు యుద్ధం చేసుకుంటున్నాయా?"

వరండాలో పిల్లలు కిసుక్కున నవ్వారు. సులభ మెడదాకా ఎర్రబడింది. ఆ ఎరుపు చూసేసరికి ఆనందికి ఏమయిందో ఏమో, తలుపు బార్లా తీసి ఉందన్న సంగతి కూడా మర్చిపోయింది.

"లేచి బయటికి నడవండి!" అని అరిచింది. "ఆడపిల్ల స్నానం చెయ్యాలి. మనిషన్నాక ఆ మాత్రం తెలియొద్దా? ఎన్నాళ్ళని చీకట్లో దొంగల్లా పోసుకోమంటారు మమ్మల్ని? మంచానికి అతుక్కుపోయి పగలూ రాత్రీ మా మీద కాపలా కూర్చున్నారు! నడవండి!"

వరండాలో రుబ్బురోలు చప్పుడు ఆగింది. ఆ మాటలు ఈ చివరి గది నుంచి ఆ చివరి గదిదాకా వినపడ్డాయి, కింది అంతస్తుకీ వినపడ్డాయి. ఆనంది నోరు మూసుకుంది, కానీ ఏం లాభం, అనాల్సిందంతా అనేసింది.

భికాజీ పేపరు నాలుగు మడతలు పెట్టి దిండు కింద పెట్టాడు. "టోపీ ఏదీ?" అన్నాడు.

మేకుకి తగిలించిన తెల్ల టోపీ తీసిచ్చింది. ఆయన దాన్ని దులిపి, పనిలోకి పోయేటప్పుడు పెట్టుకున్నట్టే సరిగ్గా పెట్టుకుని, కోడలు కూర్చున్న వైపు చూడకుండా గడప దాటాడు. ఆనంది తలుపు మూసింది.

"లే, లేచి పోసుకో," అంది సులభతో.

చీర అడ్డం వెనక మొదటి చెంబు నీళ్ళు పడ్డాయి. ఇన్నాళ్ళలో మొదటిసారి గోడవారగా కాదు, నెత్తిమీంచి ధారగా. సులభ "అమ్మా!" అని ఓ నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు వింటే ఆనందికి ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపవతల షిర్కే గొంతు లేచింది. ఏడాదిగా పాలవ్‌తో మాట్లాడని మనిషి ఆరోజు మాట్లాడాడు.

"రా పాలవ్, రా! ఇన్నాళ్ళకి డ్యూటీ దొరికిందన్నమాట. ఏ ఖాతాలో? మోరీ ఖాతాలోనా?"

ఎవరో పకపకా నవ్వారు. "కొత్త సేఠ్ గట్టిదేనే! గేటు బయటికి నెట్టేసింది."

"ఈసారి ట్రక్కు రాలేదా కాకా?" అని ఇంకొకడు. పిల్లలు మూతికి చేతులడ్డం పెట్టుకుని "భోం..." అని మిల్లు సైరను కూత కూశారు. మోరీలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఆపకు. పోసుకో," అంది ఆనంది తలుపుకి వీపు ఆనించి నిలబడి. "సబ్బు వదిలేదాకా పోసుకో."

ఆ మర్నాడు ఎవరూ బకెట్టు పెట్టకముందే, సరిగ్గా తొమ్మిదింటికి భికాజీ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. వరండా పిట్టగోడకి ఆనుకుని, వీధివైపు మొహం పెట్టి, ఇద్దరు ఆడవాళ్ళూ పోసుకునేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కూర్చోడు, బీడీ కాల్చడు. చాల్‌కి మంచి కాలక్షేపం దొరికింది. మిల్లు సైరను పోయాక టైమెంతయిందో తెలియక అవస్థపడుతున్న ఆడవాళ్ళు, "పాలవ్ బయటికొచ్చాడే, తొమ్మిదయింది, పప్పు ఎక్కించు" అనుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో నవ్వుతూ అనేవాళ్ళు. పది రోజులకి నవ్వడం కూడా మానేసి మామూలుగా అనేవాళ్ళు. అది ఇంకా ఘోరం.

సులభ తట్టుకోలేకపోయింది. "ఆయీ, నేను నాలుగింటికే చేస్తాను. మామంజీ అలా స్తంభంలా నిలబడి ఉంటే నీళ్ళు ఒంటిమీద పడుతున్నట్టే ఉండట్లేదు నాకు."

"నోర్మూసుకుని తొమ్మిదింటికే చెయ్యి," అంది ఆనంది. "ఇప్పుడు మానేస్తే ఆయన పడ్డ మాటలన్నీ దేనికి పడ్డట్టు?"

అది సగం నిజమే. మిగతా సగం ఆనందికి తెలుసు, కోడలికి చెప్పలేదు. సులభ తర్వాత తను పోసుకునేది కదా. ఎన్నాళ్ళ తర్వాతో వేడినీళ్ళు, వెలుతురు, ఖాళీ గది. మొగుణ్ణి బయట బొమ్మలా నిలబెట్టి ఏం సుఖపడుతున్నావే అని తనని తనే తిట్టుకునేది. అలా తిట్టుకుంటూనే ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసుకునేది. అసహ్యమేసేది. మర్నాడు తొమ్మిదెప్పుడవుతుందా అని మళ్ళీ చూసేది.

ఓ మధ్యాహ్నం సులభ పిండిమరకి వెళ్ళింది. భికాజీ రొట్టె, ఎండురొయ్యల కూర తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని, చాలా రోజులకి పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"నేను ఊరికెళ్ళిపోతాను."

"ఏ ఊరికి?"

"మనకెన్ని ఊళ్ళున్నాయి? కణకవలీకి. తమ్ముడి దగ్గరికి."

"మీ తమ్ముడి పెళ్ళాం మిమ్మల్ని నాలుగు రోజులు కూడా కూర్చోబెట్టి తిండి పెట్టదు."

"పెట్టకపోతే పశువుల పాకలో ఉంటా. అక్కడ ఏరుంది. మగాడి స్నానానికి వేళేంటి, చోటేంటి."

"నన్ను దెప్పుతున్నారా?"

"దెప్పడానికేముంది?" గొంతు లేవలేదు, అందుకే ఆనందికి భయం వేసింది. "ఆ పిల్లని ఇంటికి తెచ్చుకోవడానికేగా నేను ట్రక్కెక్కింది. ఆ పిల్ల నీళ్ళు పోసుకోవడానికి నేను వాళ్ళ ముందు నిలబడాలా? షిర్కే ముందు? ఇంకెవరి ముందైనా నిలబడతానే, వాడి ముందు కాదు."

"ఆ పిల్ల మిమ్మల్ని ఎక్కమందా? నేను ఎక్కమన్నానా? ఇంకో ఏడాది ఆగితే ఏం మునిగిపోయేది? చేసిందంతా చేసి, మాకోసమే చేశానంటారు. చేసినందుకు మమ్మల్ని చీకట్లో కూర్చోబెట్టారు."

"మూడుసార్లు బకెట్టు పెట్టావ్. నాలుగోసారి కూడా పెట్టాల్సింది."

"పెడితే వెళ్ళేవారా?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "వెళ్ళేవాణ్ణి కాదేమో," అన్నాడు. "అయినా పెట్టాల్సింది. కుక్కని తరిమినట్టు తరిమావే నన్ను, ఊరంతా వినేట్టు."

తప్పయిపోయింది, క్షమించండి అని ఆనంది నోటిదాకా వచ్చింది. వెళ్ళొద్దని కూడా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆగిపోయేవాడు, అది ఇద్దరికీ తెలుసు. అంటే మళ్ళీ ఆ మంచం, ఆ పేపరు, నాలుగింటి చీకటి. లేకపోతే రోజూ తొమ్మిదింటికి ఆ పిట్టగోడ. ఏది ఎంచుకోమంటావు భగవంతుడా అనుకుంది. అనుకుంటూ, ఖాళీ కంచం తీసుకుని మోరీ దగ్గరికెళ్ళి తోముతూ కూర్చుంది. తోమిన కంచాన్నే మళ్ళీ తోమింది. వెనక నుంచి ఆయన ట్రంకుపెట్టె లాగిన చప్పుడు వినపడింది.

దిలీప్‌కి చెప్తే, "కొన్నాళ్ళు ఊరిగాలి పీలిస్తే బాబాకీ మంచిదే," అన్నాడు. టికెట్టు తనే తెచ్చాడు. ఆ తొందర చూసి వాడి చెంప పగలగొట్టాలనిపించింది ఆనందికి, తను ఏ మొహం పెట్టుకుని కొడుతుంది?

పరేల్ బస్‌స్టాండుకి ఆమె ఒక్కతే వెంట వెళ్ళింది. బస్సు పైకి ట్రంకుపెట్టె ఎక్కించాక, కిటికీ పక్కన కూర్చుని ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బట్టతల మీద టోపీ ఒరుసుకున్న గీత కనపడింది. ఇంత ముసలాడెప్పుడయ్యాడీయన అనుకుంది ఆనంది.

"గంజి తాగుతూ ఉండండి. చలిలో ఏట్లో దిగకండి," అంది.

"ఊఁ."

"ఉత్తరం ముక్క రాయించండి."

బస్సు కదిలింది. అప్పుడాయన కిటికీలోంచి తల బయటపెట్టి, కోపంగా కాదు, ఇంటి సామాను అప్పజెప్తున్నట్టు అన్నాడు. "ఇంకేం, పగలంతా మీదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు పోసుకోండి."

ఆమె తిరిగి చాల్ మెట్లెక్కేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వరండాలో పేక ముక్కలు పరిచి ఉన్నాయి. షిర్కే తల పైకెత్తి, ఆమె వెనక ఎవరూ లేకపోవడం చూసి, ముక్కలు చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. "పాలవ్ ఏడి వహినీ?" అన్నాడు. వదినా అని పిలిచిన ఆ గొంతులో వెటకారం లేదు. ఆనంది నేరుగా గదిలోకి పోయింది.

సులభ అన్నీ సిద్ధం చేసి ఉంచింది. నీళ్ళు కాగుతున్నాయి, చీర అడ్డం కట్టి ఉంది, పీట వేసి ఉంది. మంచం మీద దుప్పటి తీసి ఉతికి ఆరేసినట్టుంది, ఉత్త నవారు కనపడుతోంది. పాపం ఆ పిల్ల మంచికే చేసింది.

"ఎండనపడి వచ్చారు ఆయీ. తీరిగ్గా పోసుకోండి. ఎవరూ రారు, ఎవరూ లేరు కూడా."

ఆనంది చీర అడ్డాన్ని పక్కకి లాగేసింది. కాగే నీళ్ళవైపు చూడలేదు. కట్టుకున్న చీరతోనే, రవికెతోనే మోరీలో చతికిలబడి, డ్రమ్ములోంచి చన్నీళ్ళు ముంచి నెత్తిన కుమ్మరించుకుంది. ఊపిరి ఎగబీల్చి ఇంకో చెంబు ముంచింది, ఇంకొకటి ముంచింది. బొట్టు కరిగి ముక్కుమీంచి కారింది. తలుపు తెరిచే ఉంది, వరండాలో మగవాళ్ళు ఉన్నారు, ఆమెకి పట్టలేదు.

సులభ గుండెలమీద చెయ్యి వేసుకుంది. "అయ్యో ఆయీ! ఇదేం పోసుకోవడం? చావింటి నుంచి వచ్చినవాళ్ళు పోసుకున్నట్టు... అశుభం, లేవండి!"

"అక్కణ్ణించే వచ్చాను," అంది ఆనంది. "ఈ చెంబు పట్టు. ఇంకో రెండు చెంబులు నువ్వు పొయ్యి."